ఆర్గానిక్ ట్రాన్సిస్టర్‌కి ఏ పదార్థం కొనాలి? మొబిలిటీ ఒక్కటే చూసి కొనకండి

ఆర్గానిక్ ట్రాన్సిస్టర్ల మీద, అంటే సిలికాన్ బదులు కార్బన్ ఆధారిత పదార్థాలతో చేసే ట్రాన్సిస్టర్ల మీద, ప్రాజెక్టు మొదలుపెట్టే జూనియర్లు నన్ను మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే, "అన్నా, దేనికి మొబిలిటీ ఎక్కువ?" అని. జవాబు చెప్పడం కష్టమేమీ కాదు. రుబ్రీన్ అనే పదార్థం సింగిల్ క్రిస్టల్‌లో 15, 20 దాకా వస్తుంది, రుబ్రీన్ తీసుకో అని పంపేయొచ్చు. కానీ ఆ మాట పట్టుకుని వెళ్తే ట్యూబ్ ఫర్నేస్‌లో గ్యాస్ పారిస్తూ సన్నటి స్ఫటికాలు పెంచడం, వాటిని ఒక్కొక్కటే విరగకుండా తీసి అమర్చడం దగ్గరే సెమిస్టర్ అయిపోతుంది, ఇక సర్క్యూట్ సంగతి దేవుడెరుగు. ఏది కొనాలన్నది రెండు విషయాలు తేలుస్తాయి: మీ ల్యాబ్‌లో ఏ పరికరాలున్నాయి, ఆ ట్రాన్సిస్టర్‌తో మీరు ఏం చేయాలనుకుంటున్నారు. మొబిలిటీ వాటి వెనకాల వస్తుంది.

మొబిలిటీ అంటే ఒక వోల్ట్/సెంటీమీటర్ ఫీల్డ్ పెడితే ఛార్జ్ ఎంత వేగంతో కదులుతుందన్న లెక్క, చదరపు సెంటీమీటర్/వోల్ట్-సెకనులో చెబుతారు. ప్రతిసారీ ఆ యూనిట్ రాస్తే చదవడం విసుగు, అందుకే ఇక్కడ నుంచి అంకె ఒక్కటే రాస్తాను.

అసలు ఆర్గానికే కావాలా?

ఇది ముందు తేల్చుకోండి. డిస్‌ప్లేల వెనక ఉండే అమార్ఫస్ సిలికాన్ మొబిలిటీ 0.5 నుంచి 1 మధ్య ఉంటుంది. ఐజీజెడ్ఓ అనే ఆక్సైడ్‌ది సుమారు 10, 2004లో జపాన్‌లో హోసోనో బృందం దాన్ని ప్లాస్టిక్ షీట్ మీద చేసి చూపించింది. ఫోన్ తెరల్లో వాడే తక్కువ ఉష్ణోగ్రత పాలీసిలికాన్‌ది 50, 100 ఆ పైన. మంచి ఆర్గానిక్ పదార్థాలు ఇవాళ అమార్ఫస్ సిలికాన్‌ని దాటాయి, కొన్ని ఐజీజెడ్ఓ దరిదాపుల్లోకి వచ్చాయి, పాలీసిలికాన్‌ని మాత్రం అందుకోలేదు. వంగే ప్రాసెసర్ అని 2021లో పేపర్లలో వచ్చిన ప్లాస్టిక్‌ఆర్మ్ చిప్ కూడా ఐజీజెడ్ఓతో చేసిందే, ఆర్గానిక్ కాదు. ఈ సంగతి తెలియక దాన్ని ఆర్గానిక్ ఎలక్ట్రానిక్స్ విజయంగా సెమినార్‌లో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, ఎగ్జామినర్‌కి తెలిసుంటే అక్కడే దొరికిపోతారు.

మరి ఆర్గానిక్ ఎందుకు? 100 డిగ్రీల దగ్గర, ఒక్కోసారి గది ఉష్ణోగ్రతలోనే డివైస్ తయారవుతుంది, ఇంకులా కరిగించి ప్రింట్ చేయొచ్చు, చాలా పల్చటి ప్లాస్టిక్ మీద కూడా పనిచేస్తుంది. టోక్యోలో సోమెయా బృందం 2013లో దాదాపు 1 మైక్రాన్ మందం ఉన్న షీట్ మీద ఆర్గానిక్ ట్రాన్సిస్టర్లు చేసింది, ఆ షీట్‌ని కాగితంలా నలిపినా అవి పనిచేశాయి. ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది: కొన్ని పాలిమర్ల లోపలికి నీటిలోని అయాన్లు వెళ్లగలవు, సిలికాన్‌లోకి వెళ్లలేవు. శరీరంతో నేరుగా మాట్లాడే ట్రాన్సిస్టర్ కావాలంటే ఆర్గానిక్‌కి దగ్గరగా వచ్చే పోటీ కనబడదు. మీ ప్రాజెక్టుకి వీటిలో ఏదీ అక్కర్లేదు, కేవలం వేగం కావాలి అంటే ఆక్సైడ్ వైపు వెళ్లండి, నేనేమీ బాధపడను.

మొబిలిటీ అంకెని ఎంతవరకు నమ్మాలి

ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే పదార్థాల పట్టికలు చూసి మోసపోయేది ఇక్కడే.

1986లో జపాన్‌లో త్సుమురా, కోయెజుకా, ఆండో పాలీథయోఫీన్‌తో ట్రాన్సిస్టర్ చేసినప్పుడు మొబిలిటీ దాదాపు 0.00001. అక్కడి నుంచి ఇవాళ 10 అంటున్నాం, అంటే పది లక్షల రెట్లు. ఈ పెరుగుదల చాలావరకు నిజమే. కానీ దారిలో తప్పుడు లెక్కలు కూడా కలిశాయి. బెల్ ల్యాబ్స్‌లో యాన్ హెన్డ్రిక్ షోన్ ఆర్గానిక్ స్ఫటికాలతో అద్భుతాలు చేశానని వరసగా పేపర్లు వేశాడు, 2002లో విచారణ కమిటీ ఆ డేటాలో కల్పితం ఉందని తేల్చింది, ఒకే గ్రాఫ్ వేర్వేరు డివైస్‌ల పేరుతో కనబడింది. అది మోసం. దానికంటే ఎక్కువగా జరిగేది మోసం కాదు, తెలియక చేసే తప్పు, అది మనందరం చేయగలం.

ట్రాన్సిస్టర్ సాచురేషన్‌లో ఉన్నప్పుడు, అంటే డ్రెయిన్ వోల్టేజ్ పెంచినా కరెంట్ ఇక పెరగని దశలో, డ్రెయిన్ కరెంట్ వర్గమూలాన్ని గేట్ వోల్టేజ్‌కి ఎదురుగా గీస్తే సరళరేఖ రావాలి, దాని వాలు నుంచి మొబిలిటీ లెక్కగడతాం. చాలా ఆర్గానిక్ డివైస్‌లలో ఆ రేఖ నిటారుగా మొదలై మధ్యలో వంగి ఏటవాలుగా మారుతుంది. నిటారుగా ఉన్న ముక్క తీసుకుంటే మొబిలిటీ 10, వంగిన తర్వాతి ముక్క తీసుకుంటే 1. ఏది పేపర్‌లో కనబడుతుందో ఊహించుకోండి. అయితే ఆ నిటారు ముక్క పదార్థం గొప్పతనం కాదు, గేట్ వోల్టేజ్ పెరిగేకొద్దీ లోహానికీ సెమీకండక్టర్‌కీ మధ్య ఉన్న అడ్డు గోడ తెరుచుకోవడం వల్ల కరెంట్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. 2016లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌కి చెందిన పరిశోధకులు దీన్ని విడమరచి చూపించారు, అలా లెక్కగడితే మొబిలిటీ పది రెట్ల దాకా ఎక్కువ రావచ్చని తేలింది. 2018లో ఈ రంగంలోని కొందరు పెద్దలు కలిసి, మొబిలిటీతో పాటు ఆ గ్రాఫ్ ఆదర్శ రేఖకి ఎంత దగ్గరగా ఉందో చెప్పే విశ్వసనీయత అంకె కూడా ఇవ్వాలని సూచించారు. పేపర్ చదివేటప్పుడు ముందు ఆ వర్గమూలం గ్రాఫ్ వెతకండి. గ్రాఫ్ లేకపోతే, లేదా వంకర ఉంటే, అంకెని పక్కన పెట్టేయండి.

రెండో తప్పు నేనే చేశాను. మొదటి ఏడాది, స్పిన్ కోటింగ్‌తో, అంటే ద్రావణం చుక్క వేసి గిరగిరా తిప్పి, వేఫర్ అంతా ఫిల్మ్ పరిచి, మాస్క్ గుండా బంగారం ఎలక్ట్రోడ్లు వేసి, కొలిచి, పాలిమర్‌కి రావాల్సిన దానికి మూడు రెట్లు మొబిలిటీ వచ్చిందని రెండు రోజులు సంబరపడ్డాను. మా సీనియర్ ఒకావిడ వచ్చి, ఏమీ అనకుండా ప్రోబ్ సూదితో డివైస్ చుట్టూ ఫిల్మ్‌ని గీకి మళ్లీ కొలవమన్నారు. కరెంట్ మూడో వంతుకి పడిపోయింది. ఫిల్మ్ అంతటా పరుచుకుని ఉన్నప్పుడు కరెంట్ ఎలక్ట్రోడ్ల మధ్య నుంచే కాదు, పక్కల నుంచి కూడా చుట్టుతిరిగి వస్తుంది, మనం మాత్రం ఎలక్ట్రోడ్ వెడల్పుతోనే భాగిస్తాం. ఛానల్ వెడల్పు పొడవుకి పది రెట్లయినా లేకపోతే ఈ దోషం పెద్దదవుతుంది. అప్పటి నుంచి గీకకుండా నేను ఒక్క డివైస్ కూడా కొలవలేదు.

మూడోది, అయాన్ జెల్ లాంటి డైఎలెక్ట్రిక్ (గేట్‌కీ సెమీకండక్టర్‌కీ మధ్య ఉండే ఇన్సులేటర్ పొర) వాడినవాళ్లకి: కెపాసిటెన్స్‌ని ఎక్కువ ఫ్రీక్వెన్సీలో కొలిచి, ట్రాన్సిస్టర్‌ని నెమ్మదిగా కొలిస్తే, కెపాసిటెన్స్ తక్కువగా కనబడి మొబిలిటీ ఉబ్బిపోతుంది. రెండూ ఒకే వేగంలో కొలవాలి.

ద్రావణంతో చేసేవాళ్లకి: పి3హెచ్‌టి, టిప్స్-పెంటాసీన్, ఇంకొన్ని

మీ దగ్గర స్పిన్ కోటర్, హాట్ ప్లేట్, ఎలక్ట్రోడ్లు వేసుకోవడానికి ఒక ఎవాపరేటర్ (వాక్యూమ్‌లో ఆవిరి చేసి పూత వేసే యంత్రం) ఉన్నాయి, అంతే అనుకుందాం. చాలా కాలేజీల పరిస్థితి ఇదే.

పి3హెచ్‌టి అనే పాలిమర్ ఎక్కడైనా దొరుకుతుంది, క్లోరోఫామ్‌లో, క్లోరోబెంజీన్‌లో చక్కగా కరుగుతుంది, దీని మీద బోలెడన్ని పరిశోధన పత్రాలున్నాయి. కొనేటప్పుడు రీజియోరెగ్యులారిటీ చూడండి, అంటే పక్క గొలుసులన్నీ ఒకే వరసలో ఉన్న శాతం. 95 పైన ఉంటేనే గొలుసులు పొరలు పొరలుగా సర్దుకుంటాయి. 1999లో కేంబ్రిడ్జ్‌లో సిరింగ్‌హౌస్ బృందం, ఆ పొరలు ఏ వైపుకి తిరిగి ఉన్నాయన్న దాన్ని బట్టే మొబిలిటీ వందకి పైగా రెట్లు మారుతుందని చూపించింది, బాగా ఉన్నప్పుడు 0.1. మీకు 0.01 వస్తే నిరుత్సాహపడకండి, అది మంచి ఆరంభం. దీని అసలు సమస్య గాలి. హోమో లెవెల్, అంటే అణువులో ఎలక్ట్రాన్లున్న అన్నిటికంటే పై శక్తి మెట్టు, 5 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల లోతు కూడా లేకపోవడం వల్ల ఆక్సిజన్, తేమ కలిసి దీన్ని డోప్ చేసేస్తాయి, అంటే అదనపు ఛార్జ్ నింపేస్తాయి, గేట్ మూసినా కరెంట్ పారుతూనే ఉంటుంది. శుక్రవారం సాయంత్రం ఆన్-ఆఫ్ రేషియో లక్ష ఉన్న డివైస్ సోమవారం పొద్దున వంద చూపించడం నాకు అనుభవమే. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో వానాకాలంలో గ్లవ్ బాక్స్ (గాలి, తేమ చొరబడని మూసిన పెట్టె) లేకుండా పి3హెచ్‌టితో పని పెట్టుకోకండి. నేర్చుకోవడానికి మంచిది, ఫలితం చూపించడానికి కాదు, ఇది నా అభిప్రాయం.

టిప్స్-పెంటాసీన్ నాకు ఇష్టమైనది. మామూలు పెంటాసీన్, అంటే ఐదు బెంజీన్ వలయాలు వరసగా అతికిన అణువు, ఏ ద్రావకంలోనూ సరిగా కరగదు. కెంటకీ విశ్వవిద్యాలయంలో జాన్ ఆంథనీ 2001 ప్రాంతంలో ఆ అణువు నడుముకి రెండు వైపులా గుబురుగా ఉండే సిలైల్ గుంపులు తగిలించారు. దాంతో రెండు లాభాలు ఒకేసారి వచ్చాయి: టోలుయీన్‌లో కరుగుతుంది, స్ఫటికంలో అణువులు ఇటుక గోడలా ఒకదాని మీద ఒకటి సగం సగం జరిగి పేర్చుకుంటాయి. ఛార్జ్ దూకడానికి అలాంటి పేర్పు బాగా పనికొస్తుంది. చుక్క వేసి నెమ్మదిగా ఆరనిస్తే 0.1 నుంచి 1 దాకా గ్లవ్ బాక్స్ లేకుండానే వస్తుంది. స్టాన్‌ఫోర్డ్‌లో జెనాన్ బావో బృందం 2011లో ద్రావణాన్ని వేడి ప్లేట్ మీద ఒక బ్లేడుతో లాగుతూ స్ఫటికాన్ని కొద్దిగా నొక్కిపెట్టి 4.6 చూపించింది.

అయితే టిప్స్‌తో చిక్కు ఏమిటంటే, పక్కపక్కన ఉన్న రెండు డివైస్‌లు ఒకలా ఉండవు. స్ఫటికం సూదులు ఎటు పెరిగితే అటు కరెంట్ బాగా పోతుంది, అడ్డంగా పడితే పోదు. ఇరవై డివైస్‌లు కొలిస్తే మొబిలిటీ ఇరవై రకాలుగా వస్తుంది, అందులో మంచిదాన్ని ఒక్కదాన్ని ఎంచి చూపించాలన్న ఆశ పుడుతుంది, దయచేసి ఆ పని చేయకండి, సగటూ చెదురూ రెండూ రాయండి. చెదురు తగ్గించడానికి తేలికైన మార్గం ద్రావణంలో పాలీస్టైరీన్ కలపడం. ఆరేటప్పుడు రెండూ పొరలుగా విడిపోతాయి, ఫిల్మ్ సమంగా పరుచుకుంటుంది, పైగా డైఎలెక్ట్రిక్ దగ్గర ట్రాప్‌లు, అంటే ఛార్జ్‌ని పట్టేసుకునే చోట్లు, కూడా తగ్గుతాయి. హాట్ ప్లేట్ 120 డిగ్రీలు దాటించకండి, 124 దగ్గర స్ఫటికం రూపం మారి ఫిల్మ్ పగుళ్లిస్తుంది. ద్రావణాన్ని వెలుతురులో వదిలేయకండి.

సీ8-బీటీబీటీ పేరు మీరు తప్పకుండా వినుంటారు. 2011లో జపాన్‌లోని ఏఐఎస్‌టీ సంస్థ పరిశోధకులు ఇంక్‌జెట్‌తో దీని సింగిల్ క్రిస్టల్ ఫిల్మ్‌లు ప్రింట్ చేసి సగటున 16 మొబిలిటీ చూపించారు. పదార్థం గొప్పదే, గాలిలో నిలబడుతుంది, ఫిల్మ్ పారదర్శకంగా ఉంటుంది. కానీ హోమో లెవెల్ బాగా లోతుగా ఉండటం వల్ల బంగారం నుంచి హోల్స్ (పాజిటివ్ ఛార్జ్‌లు) లోపలికి వెళ్లడానికి గోడ ఎత్తుగా ఉంటుంది, థ్రెషోల్డ్ వోల్టేజ్, అంటే ట్రాన్సిస్టర్ తెరుచుకునే వోల్టేజ్, మైనస్ 20, 30 దాకా జరిగిపోవచ్చు, పైన చెప్పిన వంకర గ్రాఫ్ ఇక్కడ బాగా కనబడుతుంది. మాలిబ్డినం ఆక్సైడ్ లాంటి పల్చటి పొర ఒకటి మధ్యలో వేయగలిగితేనే దీని జోలికి వెళ్లండి. పైగా 110 డిగ్రీల దగ్గరే ఇది లిక్విడ్ క్రిస్టల్‌గా మెత్తబడుతుంది, దీని మీద వేరే పొరలు వేసి వేడి చేయాల్సిన పని ఉంటే కుదరదు.

పాలిమర్లలో ఇంకాస్త ముందుకు వెళ్లాలంటే డీపీపీ కుటుంబం, ఐడీటీ-బీటీ అని రెండు దారులున్నాయి. డీపీపీ పాలిమర్లకి పేపర్లలో 10 దాకా చూస్తారు, వాటిలో చాలావాటిని నేను సగం నమ్మకంతోనే చదువుతాను, ఎందుకంటే చాలా డీపీపీలు హోల్స్‌తో పాటు ఎలక్ట్రాన్లని కూడా మోస్తాయి, గ్రాఫ్ చివర్లో రెండూ కలిసిపోయి లెక్క తప్పుతుంది. ఐడీటీ-బీటీ నాకు ఎక్కువ నచ్చుతుంది: 1 నుంచి 3 మధ్య వస్తుంది, ఫిల్మ్ చూడటానికి స్ఫటికాలే లేనట్టు ఉంటుంది, అయినా గొలుసు వెన్నెముక మెలితిరగకుండా నిటారుగా ఉండటం వల్ల ఛార్జ్ దాని వెంబడి సాఫీగా పోతుంది. స్ఫటికాల దిక్కు మీద ఆధారపడదు కాబట్టి డివైస్‌లన్నీ ఇంచుమించు ఒకేలా వస్తాయి. సర్క్యూట్ కట్టాలనుకునేవాళ్లకి ఒక్క డివైస్‌లో 10 కంటే వంద డివైస్‌లలో 1.5 చాలా విలువైనది.

వాక్యూమ్ ఎవాపరేటర్ మీదే ఆధారపడేవాళ్లకి: పెంటాసీనా, డీఎన్‌టీటీయా?

ఆర్గానిక్ పదార్థం ఆవిరి చేసే సౌకర్యం ఉంటే ఇక్కడ నా ఓటు సూటిగా డీఎన్‌టీటీకే. పెంటాసీన్ పాతకాపు, 1990ల నుంచి అందరూ దీంతోనే పని నేర్చుకున్నారు. ఐమెక్ సంస్థ పరిశోధకులు ప్లాస్టిక్ మీద 8-బిట్ ప్రాసెసర్ చేసింది కూడా దీంతోనే, అది సెకనుకి 40 ఆదేశాలు నడిపేది. మొబిలిటీ 1 దగ్గర సులువుగా వస్తుంది. కానీ అణువు మధ్య వలయంలో ఉన్న 6, 13 స్థానాల దగ్గర ఆక్సిజన్ వెలుతురులో దాడి చేసి క్వినోన్‌గా మార్చేస్తుంది. డివైస్ కొన్ని వారాలకి నీరసపడుతుంది.

డీఎన్‌టీటీని 2007లో జపాన్‌లో యమమోటో, తకిమియా తయారు చేశారు. ఆరు వలయాలున్న అణువు, మధ్యలో రెండు గంధకం పరమాణువులున్న థయోఫీన్ జంట. హోమో లెవెల్ 5.4 దగ్గర ఉంటుంది, ఆక్సిజన్ దాన్ని తేలిగ్గా తాకలేదు, అలాగని సీ8-బీటీబీటీ అంత లోతూ కాదు, బంగారంతో సర్దుకుపోతుంది. మొబిలిటీ 2, 3 దాకా వస్తుంది, నెలల తరబడి గాలిలో ఉన్నా పెద్దగా పడిపోదు. మీ ప్రాజెక్టు రెండేళ్లయితే ఈ ఒక్క గుణం కోసమే దీన్ని తీసుకోవచ్చు, మొదటి నెలలో చేసిన శాంపిల్‌ని థీసిస్ రాసేటప్పుడు మళ్లీ కొలవాల్సి వస్తుంది మరి.

ఏది వేసినా నెమ్మదిగా వేయండి, మొదటి పొరల్లో తొందరపడకండి. ఛార్జ్ అంతా డైఎలెక్ట్రిక్‌ని ఆనుకున్న ఒకటి రెండు అణు పొరల్లోనే పారుతుంది, పైన ఇంకో 50 నానోమీటర్లు పోసినా అది ఊరికే పైకప్పు.

ఎలక్ట్రాన్లు మోసేది కావాలంటే

ఇన్వర్టర్ (ఇంట్లో కరెంటుది కాదు, సంకేతాన్ని తిరగేసే లాజిక్ సర్క్యూట్) కట్టాలంటే ఎన్-టైప్, అంటే ఎలక్ట్రాన్లు మోసే పదార్థం, కూడా కావాలి. సీ60 (అరవై కార్బన్ పరమాణువుల బంతి) మొబిలిటీ బావుంటుంది కానీ గాలి తగిలితే అంతే. 2009లో వచ్చిన ఎన్2200 అనే పాలిమర్ తీసుకోండి, మొబిలిటీ 0.45 నుంచి 0.85 దాకా నమోదైంది, ద్రావణంతో వేయొచ్చు, గాలిలోనూ పనిచేస్తుంది. ఒకటే షరతు, దీన్ని వట్టి సిలికాన్ డయాక్సైడ్ మీద వేయకండి. ఆ ఉపరితలం మీదున్న హైడ్రాక్సిల్ గుంపులు ఎలక్ట్రాన్లని పట్టేసుకుంటాయి. చాలా ఏళ్లపాటు ఎక్కువ శాతం ఆర్గానిక్ పదార్థాలు ఎలక్ట్రాన్లని మోయలేవనే అనుకునేవాళ్లు, 2005లో హైడ్రాక్సిల్ లేని పాలిమర్ డైఎలెక్ట్రిక్ వేసి చూస్తే మామూలు పాలిమర్లే ఎలక్ట్రాన్లని మోశాయి. తప్పు సెమీకండక్టర్‌ది కాదు, కింద నేలది.

పదార్థం కంటే ముందు వీటి మీద డబ్బు పెట్టండి

300 నానోమీటర్ల ఆక్సైడ్ ఉన్న సిలికాన్ వేఫర్ కెపాసిటెన్స్ చదరపు సెంటీమీటర్‌కి దాదాపు 11.5 నానోఫారడ్‌లు. అందుకే 40, 60 వోల్ట్‌లు పెట్టాల్సి వస్తుంది. అదే అల్యూమినియం గేట్‌ని ఆక్సిజన్ ప్లాస్మాలో కొద్దిగా ఆక్సీకరించి, పైన ఫాస్ఫోనిక్ ఆమ్లం అణువుల ఒకే ఒక్క పొర కూర్చోబెడితే, మొత్తం 6 నానోమీటర్ల లోపు మందంతో సుమారు 0.7 మైక్రోఫారడ్ వస్తుంది. 40 వోల్ట్‌లు పెడితే వచ్చే ఛార్జ్ ఇక్కడ వోల్ట్ లోపే వచ్చేస్తుంది. స్టట్‌గార్ట్‌లో హాగెన్ క్లౌక్ బృందం 2007లో ఇలాంటి డైఎలెక్ట్రిక్‌తోనే 3 వోల్ట్‌ల లోపు నడిచే సర్క్యూట్లు చేసింది. బ్యాటరీతో నడవాల్సింది ఏదైనా చేస్తుంటే ఖరీదైన సెమీకండక్టర్ కొనే ముందు ఇది నేర్చుకోండి. వేఫర్‌తోనే సరిపెట్టుకునేవాళ్లు కనీసం ఓటీఎస్ (ఉపరితలాన్ని నీరు అంటనట్టు చేసే సిలేన్) పూత వేయండి, హిస్టెరిసిస్, అంటే వోల్టేజ్ పెంచేటప్పుడూ తగ్గించేటప్పుడూ కరెంట్ వేర్వేరుగా రావడం, ఎంత తగ్గుతుందో మీరే చూస్తారు.

రెండోది కాంటాక్ట్, అంటే లోహం ఎలక్ట్రోడ్ సెమీకండక్టర్‌ని తాకే చోటు. ఒక లెక్క చేద్దాం. మొబిలిటీ 1, పైన చెప్పిన వేఫర్, థ్రెషోల్డ్ దాటి 40 వోల్ట్‌లు. ఛానల్ పొడవు 100 మైక్రాన్లయితే ఛానల్ రెసిస్టెన్స్ వెడల్పుతో గుణించి దాదాపు 22 కిలోఓమ్-సెంటీమీటర్. కాంటాక్ట్ రెసిస్టెన్స్ అదే యూనిట్‌లో 10 అనుకుంటే మొత్తం వోల్టేజ్‌లో మూడో వంతు పోయింది, సరే, సర్దుకోవచ్చు. ఛానల్‌ని 5 మైక్రాన్లకి తగ్గించారనుకోండి, ఛానల్ రెసిస్టెన్స్ 1.1కి పడిపోతుంది, కాంటాక్ట్ మాత్రం 10 దగ్గరే ఉంటుంది. ఇప్పుడు మీరు పెట్టిన వోల్టేజ్‌లో పది వంతులకి తొమ్మిది వంతులు కాంటాక్ట్ దగ్గరే ఖర్చయిపోతోంది. ఇక్కడ మొబిలిటీ 1 ఉన్న పదార్థం తీసేసి 5 ఉన్నది వేసినా కరెంట్ పదో వంతు కూడా పెరగదు.

వేగం కావాలన్నవాళ్లు ఈ లెక్క గోడకి అంటించుకోవాలి. ట్రాన్సిస్టర్ వేగం మొబిలిటీతో నేరుగా పెరుగుతుంది, ఛానల్ పొడవు తగ్గితే దాని వర్గంతో పెరుగుతుంది. 50 మైక్రాన్ల నుంచి 10కి దిగితే 25 రెట్లు, ఏ కొత్త అణువూ అంత ఇవ్వదు. కానీ దిగేకొద్దీ కాంటాక్ట్ అడ్డం పడుతుంది. క్లౌక్ బృందమే 2020లో ప్లాస్టిక్ మీద 3 వోల్ట్‌లతో 21 మెగాహెర్ట్జ్ చేరిందంటే, ముఖ్య కారణం కాంటాక్ట్ రెసిస్టెన్స్‌ని 10 ఓమ్-సెంటీమీటర్‌కి దించడం, మన లెక్కలో వాడిన దానికంటే వెయ్యి రెట్లు తక్కువ. బంగారం ఎలక్ట్రోడ్లు కింద ఉండే డిజైన్ అయితే పెంటాఫ్లోరోబెంజీన్‌థయోల్ ద్రావణంలో కాసేపు ముంచి తీయండి, ఖర్చు చాలా తక్కువ, ఫలితం పెద్దది. పాలిమర్లకి గేట్ పైన, కాంటాక్ట్‌లు కింద ఉండే అమరిక మేలు, పైన వేసే డైఎలెక్ట్రిక్ గాలి నుంచి కూడా కాపాడుతుంది.

శరీరం, చెమట, నీళ్లు: ఇది వేరే లోకం

బయోసెన్సర్ చేస్తున్నవాళ్లు పైన చెప్పిందంతా పక్కన పెట్టి ఎలక్ట్రోకెమికల్ ట్రాన్సిస్టర్ వైపు రండి. పెడాట్:పీఎస్ఎస్ (నీళ్లలో కలిసి ఉండే, కరెంట్ పారించే పాలిమర్) సీసా ఒకటి, కొద్దిగా ఎథిలిన్ గ్లైకాల్, నీళ్లలో ఫిల్మ్ ఊడిపోకుండా ఒక క్రాస్‌లింకర్, ఉప్పు నీళ్లు. గేట్ వోల్టేజ్ పెడితే అయాన్లు ఫిల్మ్ లోపలికంటా వెళ్తాయి, ఉపరితలం ఒక్కటే కాదు, ఫిల్మ్ మందం అంతా పనిచేస్తుంది. అందుకే ఇక్కడ మొబిలిటీని విడిగా కాకుండా ఘనపరిమాణ కెపాసిటెన్స్‌తో గుణించి పోలుస్తారు, పెడాట్:పీఎస్ఎస్‌ది ఘన సెంటీమీటర్‌కి 39 ఫారడ్‌లు అని కొలిచారు. ఒక వోల్ట్ లోపే మిల్లీసీమెన్స్ స్థాయి ట్రాన్స్‌కండక్టెన్స్ (గేట్ వోల్టేజ్ మారితే కరెంట్ ఎంత మారుతుందన్న లెక్క) వస్తుంది. 2013లో ఫ్రాన్స్‌లో ఖోదాఘోలీ, మలియరాస్ తదితరులు వీటితో ఎలుక మెదడు సంకేతాలని నేరుగా రికార్డ్ చేశారు. నెమ్మది, గేట్ వోల్టేజ్ లేకపోయినా ఆన్‌లోనే ఉంటుంది, ఈ రెండూ లోపాలే. కానీ గ్లవ్ బాక్స్ అక్కర్లేదు, గుండె కొట్టుకునే వేగానికి మిల్లీసెకన్లు చాలు, తక్కువ సదుపాయాలున్న ల్యాబ్‌కి ఇంత బాగా నప్పే ఆర్గానిక్ ట్రాన్సిస్టర్ ఇంకోటి నాకు కనబడలేదు.

ఇక కొనడం

సదుపాయాలు తక్కువ, సెన్సర్ చేయాలి: పెడాట్:పీఎస్ఎస్, ఆలోచించక్కర్లేదు. ద్రావణంతో హోల్ ట్రాన్సిస్టర్ చేసి పేపర్ వేయాలి: టిప్స్-పెంటాసీన్‌తో పాలీస్టైరీన్. చాలా డివైస్‌లు ఒకేలా రావాలి, గ్లవ్ బాక్స్ ఉంది: ఐడీటీ-బీటీ, ఎన్-టైప్ జతకి ఎన్2200. ఎవాపరేటర్ ఉంది, డివైస్‌లు నిలబడాలి: డీఎన్‌టీటీ. ఎవాపరేటర్ లేకపోయినా అంతటితో ఆశ వదులుకోకండి, ఐఐఎస్‌సీ, ఐఐటీ బాంబే లాంటి చోట్ల బయటి కాలేజీల విద్యార్థులకి ఫ్యాబ్ వాడుకునే అవకాశమిచ్చే ఐఎన్‌యూపీ అనే కార్యక్రమం ఉంది, ప్రపోజల్ బాగా రాసి గైడ్‌తో సంతకం పెట్టించుకుని పంపండి.

మొదటిసారి అతి తక్కువ పరిమాణం, వంద మిల్లీగ్రాములు చాలు, ఆర్డర్ చేయండి, ఎందుకంటే ఒక శాంపిల్‌కి పట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. సీసా రాగానే లాట్ నంబర్, తెరిచిన తేదీ రాసి ఫాయిల్ చుట్టండి. పాలిమర్ అయితే మాలిక్యులర్ వెయిట్ కూడా నోట్ చేసుకోండి, వచ్చే ఏడాది అదే పేరుతో తెప్పించిన రెండో సీసా వేరే మొబిలిటీ ఇచ్చినప్పుడు మీరు మొదట వెతికేది ఆ నోటే.